సేవ్ కొడితే సర్దుకునే కోడ్

"అన్నా, నేను మార్చింది ఒక్క లైనే. నాలుగు వందల లైన్లు మారినయని చూపిస్తుంది. గట్ల ఎట్లయితది?"

మొయినాబాద్‌లో అద్దెగది తీసుకుని ఫైనలియర్ ప్రాజెక్టు చేసుకుంటున్న నలుగురు విద్యార్థుల్లో ఒకడు మొన్నొక ఆదివారం అడిగిన ప్రశ్న ఇది. చేవెళ్ల మార్కెట్‌కు వచ్చే కూరగాయల రేట్లను రోజూ తెలుగులో చూపించే వెబ్‌సైటు వాళ్ల ప్రాజెక్టు. బీరకాయ పక్కన "కేజీ" అని ఉన్నదాన్ని "కిలో" అని మార్చాడు, సేవ్ కొట్టాడు, గిట్‌హబ్‌కు పంపాడు. తీరా చూస్తే ఫైలు పైనుంచి కిందిదాకా ఎరుపూ ఆకుపచ్చే. అదే ఫైల్లో ఇంకో అమ్మాయి టమాట ధరల గ్రాఫు రాసి పెట్టింది. రెండూ కలపబోతే కాన్‌ఫ్లిక్టు. రెండు రోజుల తన పనిలో ఏది మిగిలిందో, ఏది పోయిందో ఆ అమ్మాయి లైను లైను వెతుక్కుంటూ కూర్చుంది.

ఇద్దరి ల్యాప్‌టాపులూ పక్కపక్కన పెట్టించి చూశాను. ఇద్దరూ వాడేది వీఎస్ కోడే. ఇద్దరూ ప్రెట్టియర్ అనే ఫార్మాటర్‌నే వేసుకున్నారు. సేవ్ కొట్టగానే కోడ్ దానంతటదే సర్దుకునేలా ఇద్దరూ టిక్కు పెట్టుకున్నారు. తేడా ఒక్కటే. అబ్బాయి ఏదో వీడియో చూసి తన ఎడిటర్‌లో నాలుగు స్పేసులు, సింగిల్ కొటేషన్లు అని సెట్టింగు మార్చుకున్నాడు. అమ్మాయి ఏదీ ముట్టుకోలేదు కాబట్టి ఆమెకు రెండు స్పేసులు, డబుల్ కొటేషన్లు. ఆమె సేవ్ కొడితే ఫైలంతా ఎడమకు జరుగుతుంది, అతను కొడితే కుడికి. వారం నుంచి ఇద్దరూ తెలియకుండా ఒకరి పనిని ఒకరు తిరగరాస్తున్నారు.

ఫార్మాటర్ల మీద ఎంత చర్చ చదివినా నేను చివరికి ఈ గదికే తిరిగి వస్తుంటాను. పనిముట్టు ఇద్దరి దగ్గరా ఉంది, ఇద్దరి మధ్యా ఒప్పందం లేదు. కోడ్‌ను అందంగా పెట్టే యంత్రంగా ఫార్మాటర్‌ను చూస్తే దాని విలువలో పావువంతు కూడా అందదు. నలుగురు కలిసి రాసేచోట "ఎడం ఎంత, గీత ఎక్కడ విరగాలి" అన్న మాట ఒక్కసారి అనుకుని, ఇక దాని ఊసెత్తకుండా ఉండడానికి పుట్టిన పనిముట్టు అది. ఆ అనుకోవడం జరగకపోతే తగవు తీర్చాల్సిందే తగవు పెడుతుంది.

మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కి అప్పా జంక్షన్ దాటితే ఈ ప్రశ్న ఎంతమందిదో తెలుస్తుంది. రోడ్డు పక్క పాత మర్రిచెట్ల వెనక కాలేజీల బోర్డులు వరసగా కనిపిస్తాయి. అజీజ్‌నగర్‌లో విద్యాజ్యోతి, చిలుకూరు వైపు కె.జి.రెడ్డి, మొయినాబాద్ మండలంలోనే జె.బి., జోగినపల్లి బి.ఆర్. కాలేజీలు. విద్యాజ్యోతి, జె.బి. రెండూ 1998 నాటివి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరివాహకాన్ని కాపాడడానికి 1996 మార్చిలో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. అందుకే గచ్చిబౌలి ఇంత దగ్గరగా ఉన్నా అక్కడి ఐటీ కంపెనీల అద్దాల మేడలు ఇటు రాలేదు. ఇక్కడ కోడ్ నేర్చుకునే పిల్లలు పని కోసం అటు వెళ్తారు. చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేసి వీసా మొక్కుకుని, అది తీరాక వచ్చి 108 పూర్తిచేసేవాళ్లు ఇంకా దూరం వెళ్తారు. ఎటు వెళ్లినా మొదటి వారంలోనే వాళ్ల కోడ్ ఏదో ఒక ఫార్మాటర్ చేతిలో పడుతుంది. కాబట్టి దాని కథాకమామిషు ఇక్కడే తెలుసుకోవడం మంచిది.

ఫార్మాటర్ పనిచేసే తీరు చాలామంది ఊహించే దానికి భిన్నంగా ఉంటుంది. మనం వదిలిన స్పేసులను అది అటూ ఇటూ జరపదు. కోడ్‌ను చదివి, దాని వ్యాకరణాన్ని విడదీసి ఒక చెట్టులా కడుతుంది. ఈ పేరు ఫంక్షన్, ఇవి దాని ఆర్గ్యుమెంట్లు, ఇది దాని లోపలి షరతు, ఇలా. ఆ తర్వాత మనం పెట్టిన ఎడాలను దాదాపుగా మరిచిపోయి చెట్టును మొదటి నుంచి మళ్లీ అచ్చువేస్తుంది. లైనులో పడితే ఒకే వరసలో రాస్తుంది, పట్టకపోతే విరిచి మెట్లుమెట్లుగా దింపుతుంది. వ్యాకరణం తప్పిన కోడ్‌ను అది తాకదు. "సేవ్ కొట్టినా సర్దుకోవడం లేదు" అని ఎవరైనా అంటే నేను ముందు వెతికేది మూయని బ్రాకెట్టునే. పది సార్లలో ఎనిమిది సార్లు అదే దొరుకుతుంది.

ఈ ఆలోచన పాతది. లిస్ప్ భాషలో బ్రాకెట్ల అడవిని చదవగలిగేలా అచ్చువేసే ప్రోగ్రాములు 1960ల్లోనే ఉన్నాయి. 1980లో డెరెక్ ఓపెన్ అనే శాస్త్రవేత్త, లైను ఎక్కడ విరవాలో వేగంగా తేల్చే పద్ధతిని ప్రచురించాడు. తర్వాత ఫిలిప్ వాడ్లర్ అదే సమస్యకు "ఎ ప్రెట్టియర్ ప్రింటర్" అన్న పత్రంలో సరళమైన రూపం ఇచ్చాడు. 2017 జనవరిలో జేమ్స్ లాంగ్ జావాస్క్రిప్ట్ కోసం ఆ ఆలోచన ఆధారంగా ప్రెట్టియర్‌ను విడుదల చేశాడు. అప్పట్లో ఫేస్‌బుక్‌లో పనిచేస్తున్న క్రిస్టోఫర్ షెడో దాన్ని భుజానికెత్తుకుని ముందుకు నడిపాడు. ఆ ఏడాది తర్వాత వెబ్ పనిలోకి వచ్చినవాళ్లకు అది లేని కాలం ఒకటుందని కూడా గుర్తుండదు. లైనుకు అది పెట్టే 80 అక్షరాల హద్దు మాత్రం ఇంకా ముసలిది. 1928లో ఐబీఎం తెచ్చిన పంచ్‌కార్డులో 80 నిలువు వరసలుండేవి. కార్డులు పోయాయి, టెర్మినళ్లు వచ్చాయి, తెరలు వెడల్పయ్యాయి. ఆ 80 మాత్రం మొయినాబాద్ గదిలోని ల్యాప్‌టాప్ దాకా వచ్చింది.

ఎంపికలు ఎన్ని ఇవ్వాలన్నదే ఈ రంగంలో అసలు వాదం. ప్రెట్టియర్‌కు ముందు ఉన్న చాలా పనిముట్లు వాడేవాడి ఇష్టానికి వదిలేవి. బ్రాకెట్ ఇక్కడ పెట్టాలా అక్కడ పెట్టాలా, ఖాళీ లైన్లు ఎన్ని, అన్నిటికీ ఒక్కో మీట. మీటలు పెరిగిన కొద్దీ జట్టులో తగవులు స్పేసుల మీద నుంచి మీటల మీదికి మారాయంతే. 2009లో గో భాష ఇంకో దారి తొక్కింది. భాషతో పాటే గోఫ్మ్‌ట్ అనే ఫార్మాటర్ ఇచ్చి, శైలి విషయంలో ఒక్క ఎంపిక కూడా లేకుండా చేసింది. గో రాసేవాళ్లలో ఆ శైలి తమకెంతో ఇష్టమని చెప్పేవాళ్లు అరుదు, అది వద్దనేవాళ్లు ఇంకా అరుదు. పైథాన్‌కు 2018లో లూకాష్ లాంగా రాసిన బ్లాక్ కూడా అదే దారి, దాని లైను హద్దు 88. ప్రెట్టియర్ మధ్యలో ఉంటుంది. గుప్పెడు ఎంపికలు ఇస్తుంది, కొత్తవి అడిగితే వీలైనంత వరకు వద్దంటుంది. నా అనుభవంలో ఆ గుప్పెడు కూడా ఎక్కువే. పైన చెప్పిన తంటాకు కారణం ఆ గుప్పెట్లోని రెండు మీటలేగా.

ట్యాబ్ సంగతి మాత్రం వేరు. దాన్ని ఇష్టాయిష్టాల కింద కొట్టిపారేయకూడదు. చూపు తక్కువగా ఉండి అక్షరాలను బాగా పెద్దవి చేసుకుని చదివేవాళ్లకు నాలుగు స్పేసుల మెట్లు తెరలో సగం తినేస్తాయి. ట్యాబ్ అయితే ఎవరి తెరమీద వాళ్లు దాని వెడల్పును తగ్గించుకోవచ్చు. బ్రెయిలీ డిస్‌ప్లే మీద వేళ్లతో చదివేవాళ్లకు ప్రతి స్పేసూ ఒక గడిని ఆక్రమిస్తుంది. ప్రెట్టియర్‌లో ట్యాబ్‌నే డిఫాల్టుగా పెట్టాలని ఈ కారణంతోనే చాలాకాలం చర్చ నడిచింది, రెండు స్పేసుల డిఫాల్టు మాత్రం మారలేదు. జట్టులో అలాంటివాళ్లు ఒక్కరున్నా ట్యాబ్‌కు మారడం ఒక లైను పని. అడిగే దాకా ఆగకుండా ముందే మార్చడం మర్యాద.

ఫార్మాటర్‌నూ లింటర్‌నూ ఒకటనుకోవడం మన కాలేజీల్లో మామూలు. లింటర్ కోడ్‌లో అనుమానాస్పదమైన చోట్లను ఎత్తిచూపుతుంది. వాడని వేరియబుల్, పొరపాటున రాసిన పోలిక లాంటివి. జావాస్క్రిప్ట్‌లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ జేఎస్‌లింట్ నుంచి, 2013లో నికొలస్ జాకస్ మొదలుపెట్టిన ఈఎస్‌లింట్ దాకా అన్నీ మొదట్లో రెండు పనులూ చేసేవి. 2023లో ఈఎస్‌లింట్ తన శైలి నియమాలను పక్కనపెడుతున్నట్టు ప్రకటించింది. ఎడాలు చూసుకునే పని ఫార్మాటర్‌ది, తప్పులు పట్టే పని తనది అని అప్పుడు తేలిపోయింది. అదే ఏడాది నవంబరులో, రస్ట్ భాషలో రాసిన బయోమ్ అనే కొత్త ఫార్మాటర్ ప్రెట్టియర్ పరీక్షల్లో 95 శాతానికి పైగా దాటి 20 వేల డాలర్ల బహుమతి గెలుచుకుంది. ఆ పందెం పెట్టింది ప్రెట్టియర్ వాళ్లే. తమ పనిముట్టు నెమ్మదిగా నడుస్తుందని ఒప్పుకుని, దానికి గట్టి పోటీ పుట్టాలని కోరుకున్నారు. ఆ పెద్దమనసు నాకు చాలా నచ్చింది. నలుగురు విద్యార్థుల ప్రాజెక్టుకు మాత్రం ఈ వేగం తేడా కంటికి ఆనదు, ఏది ఎంచుకున్నా ఒకటే.

ఇంతకూ ఎడాలు సరిగ్గా ఉంటే కోడ్ బాగా అర్థమవుతుందా? అందరం అవుననే అనుకుంటాం, ప్రయోగాలు మాత్రం అంత ఏకగ్రీవంగా లేవు. 1983లో బెన్ ష్నైడర్‌మన్ తదితరులు పాస్కల్ ప్రోగ్రాములను వేర్వేరు ఎడాలతో అచ్చువేసి చదివించారు. రెండు నుంచి నాలుగు స్పేసులున్నవే ఎక్కువ బోధపడ్డాయి. 2019లో జర్మనీ పరిశోధకులు కళ్ల కదలికలను కొలుస్తూ అదే ప్రయోగాన్ని కొత్తగా చేస్తే ఎడాల మధ్య చెప్పుకోదగ్గ తేడా దొరకలేదు. 2023లో స్టెఫాన్ హానెన్‌బర్గ్ తదితరులు లోపల లోపల షరతులున్న జావా కోడ్‌తో పరీక్షించినప్పుడు ఎడాలు లేని కోడ్ చదవడానికి చాలా ఎక్కువ సమయం పట్టింది. మూడింటినీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది: ఎడం ఉండటం ముఖ్యం, రెండా నాలుగా అన్నది అంత ముఖ్యం కాదు. అంటే ఏ అంకె మీదైతే జట్లు గంటలు గంటలు వాదించుకుంటాయో, దాన్ని యంత్రానికి వదిలేస్తే పోయేదేమీ లేదు.

ఫార్మాటర్ తప్పులను ఆపుతుందా అన్న ప్రశ్నకు జవాబుగా ఆపిల్ సంస్థలో 2014 ఫిబ్రవరిలో బయటపడిన తప్పును గుర్తుచేసుకోవాలి. భద్రమైన కనెక్షన్లను సరిచూసే కోడ్‌లో "గోటూ ఫెయిల్" అన్న లైను పొరపాటున రెండుసార్లు పడింది. రెండోది కూడా షరతు లోపల ఉన్నట్టే కుడికి జరిగి ఉంది. బ్రాకెట్లు లేవు కాబట్టి నిజానికది షరతు బయట ఉంది. ఫలితంగా ముఖ్యమైన తనిఖీ జరగకుండానే దాటిపోయేది. ఆ ఫైలును ఏ ఫార్మాటర్‌కు ఇచ్చినా రెండో లైనును ఎడమకు లాగేసేది. తప్పును అది దిద్దదు, కప్పి ఉంచిన ముసుగు తీస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మన పిల్లలకు తరచూ తగిలే ఇంకో గొయ్యి కూడా ఇలాంటిదే. "రిటర్న్" అని రాసి, విలువను కింది లైనులో మొదలుపెడితే, భాష తనంతట తానే రిటర్న్ తర్వాత సెమికోలన్ ఉందనుకుంటుంది. ఫంక్షన్ ఏమీ ఇవ్వదు. ప్రెట్టియర్ అక్కడ సెమికోలన్ పెట్టి చూపిస్తుంది. చూసే కన్నుంటే తప్పు అక్కడే దొరుకుతుంది.

ఇక హెచ్‌టీఎంఎల్. ఫార్మాటర్ల మీద నేను విన్న తిట్లలో సగం దీని గురించే, ఆ తిట్లలో చాలా భాగం అన్యాయం. ప్రెట్టియర్ 2018 నవంబరులో హెచ్‌టీఎంఎల్‌ను చేపట్టింది. ఒక ట్యాగును మూసే కోణపు బ్రాకెట్‌ను తెచ్చి కింది లైను మొదట్లో వేలాడదీయడం చూసి, దీనికి మతిపోయిందని వాపోనివాళ్లు లేరు. అది అలా ఎందుకు చేస్తుందో చెప్పడానికి మన పిల్లల ప్రాజెక్టులోని వాక్యమే తీసుకుంటాను. "చేవెళ్లలో ఈ రోజు బీరకాయ" అని పేజీలో రావాలి. ఊరి పేరు బొద్దుగా కనపడాలని "చేవెళ్ల"ను బొద్దు ట్యాగులో పెట్టి, "లో"ను బయట వదిలారు. ట్యాగు ముగియగానే "లో" అంటుకుని ఉండాలి. ఆ మధ్యలో కోడ్‌లో ఒక కొత్త లైను పడిందంటే బ్రౌజరు దాన్ని ఒక ఎడంగా చూపిస్తుంది. అప్పుడు పేజీ మీద "చేవెళ్ల లో" అని పడుతుంది. విభక్తి ఊడి పక్కన పడ్డట్టు.

ఇంగ్లిష్ పేజీలో ఈ బాధ తక్కువ. వాళ్ల "ఇన్", "టు" అన్నీ విడి మాటలు, వాటికి ముందు ఎడం ఎలాగూ ఉంటుంది. మన ప్రత్యయాలు మాటకు అంటుకునే బతుకుతాయి: మొయినాబాద్‌కు, రైతులకు, బీరకాయల్లో. పేరు ఒక డబ్బాలో, ప్రత్యయం బయట ఉన్న ప్రతి చోటా ఈ ప్రమాదం ఉంది. ప్రెట్టియర్ డిఫాల్టుగా ఆ అంటుకున్న తీరును గౌరవిస్తుంది. లైను విరవక తప్పనప్పుడు ట్యాగు లోపలే, బ్రాకెట్ దగ్గర విరుస్తుంది. అందుకే కోణపు బ్రాకెట్ అలా వేలాడుతుంది. చూడ్డానికి బాగోలేదని ఎడాలను పట్టించుకోవద్దని సెట్టింగు మార్చినవాళ్ల కోడ్ నున్నగా అవుతుంది, తెలుగు వాక్యాలు చీలిపోతాయి. తెలుగు పేజీ రాసేవాళ్లెవరూ ఆ మీట ముట్టుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. రియాక్ట్ వాడేచోట దీనికి తలకిందులు. అక్కడ కొత్త లైను దగ్గరి ఎడం మాయమైపోతుంది కాబట్టి, ఎడం కావాల్సిన చోట ప్రెట్టియర్ బ్రాకెట్ల మధ్య కొటేషన్లలో ఒక స్పేసు పెడుతుంది. అది చెత్త అనుకుని తీసేస్తే రెండు మాటలు అతుక్కుపోతాయి.

తెలుగుకు ఇంకో చిక్కుంది. చర్చల్లో దీని ప్రస్తావన నాకెప్పుడూ ఎదురుకాలేదు. లైను 80 దాటిందా లేదా అని ఫార్మాటర్ లెక్కపెట్టేది యూనికోడ్ సంకేతాలను. చైనీస్, జపనీస్ అక్షరాలకు రెండేసి అని ప్రత్యేకమైన లెక్క ఉంది. తెలుగు గుణింతాలకు, ఒత్తులకు అలాంటిదేమీ లేదు. "చేవెళ్ల" మన కంటికి మూడు అక్షరాలు. చ, ఏత్వం, వ, ఎత్వం, ళ, పొల్లు, ల కలిపి దానికి ఏడు. "మొయినాబాద్" మనకు ఐదు, దానికి పది. కాబట్టి తెలుగు మాటలున్న లైన్లను అది తెరమీద ఇంకా చోటుండగానే విరిచేస్తుంది. పని చెడదు, కానీ ఇంగ్లిష్ లైన్ల పక్కన తెలుగు లైన్లు పొట్టిగా, ముక్కలుగా కనిపిస్తాయి. అందుకే వాళ్ల ప్రాజెక్టులో తెలుగు మాటలన్నిటినీ కోడ్‌లోంచి తీసి వేరే ఫైల్లో పెట్టించాను. కూరగాయ పేరు, రేటు మాట, హెచ్చరికలు అన్నీ అక్కడే. అనువాదానికీ అది మేలు. నాలుగో కుర్రాడు అంతకుముందు కూరగాయల పేర్ల తర్వాత స్పేసులు కొట్టి కొట్టి ధరలన్నీ ఒకే నిలువు గీతలో నిలబెట్టాలని చూసేవాడు. తెలుగు అక్షరాల వెడల్పు ఒక్కొక్కటీ ఒక్కో రకం, కోడ్ ఎడిటర్ గళ్లలో అవి కుదురుగా కూర్చోవు. తన తెరమీద కుదిరింది పక్కవాడి తెరమీద వంకరపోయేది. ఫార్మాటర్ వచ్చాక ఆ స్పేసులన్నీ పోయాయి, ఆ శ్రమా పోయింది.

విండోస్ ల్యాప్‌టాపుల గొడవ క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఈ దారిలోని పిల్లల్లో చాలామందికి తగిలే మొదటి దెబ్బ ఇదే. ప్రాజెక్టు దించుకుని తెరవగానే ప్రతి లైను చివరా ఎర్రగీత, ఏదో కనపడని అక్షరాన్ని తీసెయ్యమని హెచ్చరిక. విండోస్‌లో లైను ముగింపుకు రెండు సంకేతాలు, లినక్స్‌లో ఒకటి. గిట్ విండోస్ మీద దించేటప్పుడు వాటిని రెండుగా మారుస్తుంది, ప్రెట్టియర్ రెండో వెర్షన్ నుంచి ఒక్కటే ఉండాలంటుంది. ప్రాజెక్టులో గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి అన్నిచోట్లా ఒకటే ముగింపు అని రాసి, ప్రాజెక్టును మళ్లీ దించుకుంటే ఎర్రగీతలన్నీ ఒక్కసారిగా పోతాయి.

ఆ ఆదివారం మేం చేసిన పని పెద్దదేమీ కాదు. ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ప్రెట్టియర్ కాన్ఫిగ్ ఫైలు పెట్టాం. అందులో ఉన్నది ఖాళీ బ్రాకెట్ల జత మాత్రమే. ఆ ఫైలు ఉంటే చాలు, ఎడిటర్‌లో ఎవరి సొంత సెట్టింగులైనా పక్కకు తప్పుకుంటాయి. నాలుగు స్పేసుల అబ్బాయి కాసేపు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత, ప్రెట్టియర్ వెర్షన్‌ను అంకెతో సహా కచ్చితంగా కట్టేశాం. ఎందుకంటే చిన్న వెర్షన్ మారినా విరుపుల తీరు మారవచ్చు. 2023 జులైలో వచ్చిన మూడో వెర్షన్ జాబితాల చివర కామాను దాదాపు ప్రతిచోటా పెట్టడం మొదలుపెట్టింది. పాతదీ కొత్తదీ ఒకే జట్టులో ఉంటే మళ్లీ మొదటి కథే. తర్వాత అందరూ తమ పని ఆపాక మొత్తం ప్రాజెక్టును ఒకేసారి ఫార్మాట్ చేసి, అది తప్ప ఇంకేమీ లేని ఒక కమిట్ పెట్టాం.

ఆ చివరి మాట దగ్గర నాకొక పాత గాయం ఉంది. ఇదివరకు నేను పనిచేసిన ఒక సంస్థలో, శుక్రవారం సాయంత్రం ఎవరో ఫార్మాటింగునూ ఒక బిల్లింగ్ మార్పునూ ఒకే కమిట్‌లో కలిపి పంపారు. వేల లైన్ల మార్పు. చదవాల్సినవాళ్లు చదవలేక సరేననేశారు. వాళ్లలో నేనూ ఉన్నాను. పన్ను లెక్కలో దొర్లిన ఒక్క గుర్తు తప్పు ఆ వేల లైన్ల మధ్య దాక్కుంది. సోమవారం దాకా ఎవరికీ కనపడలేదు. తర్వాత ఆ లైను ఎవరు, ఎందుకు రాశారో చూద్దామంటే, ప్రతి లైను పక్కనా ఫార్మాట్ చేసినవాడి పేరే. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి ఇందుకు మందుంది. ఫార్మాటింగ్ కమిట్ల నంబర్లను ఒక ఫైల్లో రాసిపెడితే, లైను చరిత్ర చూసేటప్పుడు వాటిని దాటి అసలు రచయితను చూపిస్తుంది. కమిట్ విడిగా ఉంటేనే ఆ మందు పనిచేస్తుంది.

పనిముట్టును ఎంత నమ్మాలన్న ప్రశ్న కూడా ఈ మధ్య గట్టిగానే ముందుకొచ్చింది. 2025 జులైలో, ఈఎస్‌లింట్‌కూ ప్రెట్టియర్‌కూ తగవు రాకుండా చూసే ఒక చిన్న ప్యాకేజీని నిర్వహించే వ్యక్తిని నకిలీ మెయిల్‌తో మోసం చేసి, ఆయన తాళంతో విషపు వెర్షన్లు విడుదల చేశారు. అవి విండోస్ యంత్రాల మీద ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే హానికర ఫైలును నడిపేవి. వారం వారం కోట్ల సంఖ్యలో దిగుమతయ్యే ప్యాకేజీ అది. ఆ వెర్షన్లను కొద్ది గంటల్లోనే పట్టుకున్నారు. లాక్ ఫైలు ఉన్నవాళ్లు, వెర్షన్ కట్టేసుకున్నవాళ్లు చాలావరకు బయటపడ్డారు. స్పేసులు సర్దే పనిముట్టు కూడా మన యంత్రం మీద మన హక్కులతోనే నడుస్తుందన్న సంగతి పిల్లలకు చెప్పాలి. కనపడిన ప్రతి ఎక్స్‌టెన్షన్‌నూ వేసుకోవడం ఫోన్లో ఆట దించుకోవడం లాంటిది కాదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ల్యాబ్‌లో పాఠం చెప్పే ఒక మాస్టారి అభ్యంతరం. "మొదటి సంవత్సరం నుంచే సేవ్ కొడితే సర్దుకుంటే, బ్రాకెట్ ఎక్కడ మూసుకుంటుందో వీళ్లకు ఎప్పుడు తెలుస్తుంది సర్? పరీక్షలో కాగితం మీద రాయమంటే అన్నీ ఎడమ అంచుకే అతికించి రాస్తున్నారు." ఆయన మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. ఎడం అనేది రాసేవాడి ఆలోచనకు కూడా ఒక ఆసరా. ఈ లైను ఆ షరతు లోపలిది అని తెలిసిన చేయి దానంతటదే కుడికి జరుగుతుంది. యంత్రం జరిపితే చేయి ఆ సంగతి నేర్చుకోదు.

ఈ సంగతికి మన పాత రాతల్లోనే ఒక పోలిక ఉంది. మన తాటాకు గ్రంథాల్లో పదానికీ పదానికీ మధ్య ఎడం ఉండేది కాదు. గంటంతో బారుగా చెక్కుకుపోయేవారు. చదివేవాడు పద్యం తెలిసినవాడు, యతిప్రాసలు పట్టగలవాడు, కాబట్టి ఎక్కడ విరవాలో అతనికి తెలుసు. బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి ఆ ప్రతులను సరిచూయించిన కాలానికి, అచ్చు వచ్చిన కాలానికి చదువరులు మారారు. పద్యం రానివాడు కూడా చదవాల్సి వచ్చింది, మాటల మధ్య ఎడం వచ్చింది. ఎడం చదివేవాడి కోసం పుట్టింది, దాన్ని పెట్టేవాడికి మాత్రం ఎక్కడ పెట్టాలో తెలిసి ఉండాలి. పదవిభజన రానివాడు పెట్టిన ఎడం అర్థాన్నే మార్చేస్తుంది.

అందుకని నా తీర్పు ఇది. ఒంటరిగా నేర్చుకునే మొదటి రెండు మూడు నెలలు ఫార్మాటర్ కట్టేసి ఉంచాలి. ల్యాబ్‌లో చేత్తోనే ఎడాలు పెట్టించాలి, తప్పు పెడితే మార్కులు తగ్గించినా తప్పులేదు. ఇద్దరు కలిసి ఒక ఫైలు ముట్టుకునే రోజు రాగానే, అదే రోజు, ఫార్మాటర్ ప్రాజెక్టులోకి రావాలి. అప్పుడు ఎవరి చేతి అలవాటుకూ చోటివ్వకూడదు. ఈ మధ్య కృత్రిమ మేధను అడిగితే వచ్చే కోడ్ ముందే చక్కగా సర్దుకుని వస్తోంది. పిల్లలు ఆ నున్నదనాన్ని చూసి సరిగ్గా ఉందని నమ్మేస్తున్నారు. చేత్తో ఎడాలు పెట్టే మూడు నెలల అవసరం దీంతో ఇంకా పెరిగింది. నున్నటి కోడ్‌లో కూడా బీరకాయ రేటు సొరకాయ కింద పడొచ్చు, ఆ గదిలోనే నేను చూశాను.

మరుసటి ఆదివారం వెళ్లేసరికి నలుగురూ పని పంచుకుని కూర్చున్నారు. "కేజీ" బదులు "కిలో" మార్పు గిట్‌హబ్‌లో ఒక ఎర్ర లైను, ఒక పచ్చ లైనుగా ఉంది. గ్రాఫు రాసిన అమ్మాయి మాత్రం ల్యాప్‌టాప్ మూసి ల్యాబ్ రికార్డు రాస్తోంది. సోమవారం ఇచ్చెయ్యాలట. టమాట ధరల ఫంక్షన్‌నే నీలి పెన్నుతో ఎక్కిస్తోంది. లూపు మొదలైన చోట వేలు పెట్టి, రెండు అక్షరాల మేర ఎడం కొలుచుకుని, కింది లైను మొదలుపెట్టింది. షరతు వచ్చినప్పుడు వేలు ఇంకొంచెం కుడికి జరిగింది. మూసే బ్రాకెట్ రాసే ముందు పైకి చూసి, తెరిచిన బ్రాకెట్ ఏ గీత మీద ఉందో వెతికి, సరిగ్గా దాని కిందే పెట్టింది.